యంత్రం సాయం లేకుండా నరానికి బ్లాక్: చేయించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం. ఏడాదిన్నరగా మలద్వారానికీ వృషణాలకూ మధ్య, ఎడమవైపు, విపరీతమైన మంట. లోపల ఏదో బంతి ఇరుక్కున్నట్టు ఉంటుంది. కుర్చీలో కూర్చున్న పావుగంటకు మొదలవుతుంది. లేచి నిలబడితే తగ్గుతుంది, పడుకుంటే దాదాపు ఉండదు. వింతేమిటంటే వెస్ట్రన్ కమోడ్ మీద ఎంతసేపు కూర్చున్నా రాదు. మొదట మొలలన్నారు, తర్వాత ప్రొస్టేట్ అన్నారు, రెండు నెలలు యాంటీబయాటిక్స్ వాడాను. నడుముకూ కటి భాగానికీ ఎం.ఆర్.ఐ. తీస్తే ఏమీ లేదన్నారు. ఇప్పుడు ఇక్కడ ఒక డాక్టరు గారు ఇది పుడెండల్ నరం నొప్పి కావచ్చని, బ్లాక్ ఇస్తే తేలిపోతుందని చెప్పారు. స్కానింగ్, ఎక్స్‌రే లాంటివి అక్కర్లేదట, చేత్తో ఎముక చూసుకుని ఇస్తారట. స్టెరాయిడ్ కలిపి వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు. హైదరాబాద్‌లో యంత్రంలో చూస్తూ చేస్తామన్నారు కానీ ఖర్చు మూడు రెట్లు. బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను, షుగర్ లేదు. ఇక్కడే చేయించుకోమంటారా? చేత్తో చేస్తే ప్రమాదమా?

సమాధానం: మీకైతే యంత్రం సాయం లేకుండా వద్దు. ప్రమాదం మరీ ఎక్కువని కాదు. మీకు ఈ ఇంజెక్షన్ మందు కంటే ముందు ఒక పరీక్ష. సూది ఎక్కడ దిగిందో తెలియకుండా చేసిన పరీక్షలో జవాబు ఏది వచ్చినా దాన్ని నమ్మలేం. ఏడాదిన్నర తిరిగాక మళ్లీ అలాంటి జవాబు చేతికొస్తే మీరు బయలుదేరిన చోటే ఉంటారు.

బ్లాక్ అనగానే గుండెలో బ్లాకులు గుర్తొచ్చి భయపడేవాళ్లు ఉన్నారు కాబట్టి ముందు ఆ మాట. ఇక్కడ బ్లాక్ అంటే నరం పక్కన మత్తుమందు పోసి కొన్ని గంటలపాటు దాన్ని మొద్దుబార్చడం. పన్ను తీసే ముందు చిగురుకు ఇచ్చేదీ ఆ జాతి ఇంజెక్షనే. ఆ కాసేపూ నొప్పి పోతే నొప్పి ఆ నరం దారిలోనే వస్తోందని అనుకోవచ్చు. పోకపోతే వేరే చోట వెతకాలి.

పుడెండల్ నరం వెన్ను అడుగున ఉండే త్రికం అనే ఎముక దగ్గరి ఎస్-2, ఎస్-3, ఎస్-4 నరమూలాల నుంచి పుడుతుంది. కటి లోపల ఇస్కియల్ స్పైన్ అనే ముల్లులాంటి ఎముక కొసను చుట్టి, రెండు గట్టి లిగమెంట్ల (ఎముకలను కలిపే పట్టీల) మధ్యగా దూరి, ఆల్కాక్ కాలువ అనే సన్నని సందులోంచి ముందుకు సాగుతుంది. అక్కడి నుంచి మలద్వారానికి, పెరినియానికి (మలద్వారానికీ వృషణాలకూ మధ్య భాగానికి), పురుషాంగానికి మూడు కొమ్మలవుతుంది. మల, మూత్రాలను ఆపుకునే కండరాలను నడిపేదీ ఇదే. పుడెండల్ అన్న పేరు లాటిన్‌లో సిగ్గుపడటం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఆ సిగ్గు వల్లే ఈ నొప్పి ఉన్నవాళ్లు మొలల డాక్టరు దగ్గర ఆగిపోతుంటారు, లేదా అసలు ఎవరికీ చెప్పరు. మీరు ఇంత వివరంగా రాయడమే మీకు సగం మేలు చేసింది.

ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే వాక్యం ఆ కమోడ్ గురించి రాసినదే. కుర్చీలో బరువు పెరినియం మీద పడుతుంది. కమోడ్ మీద బరువంతా రెండు పక్కలకు పోయి మధ్య భాగం గాలిలో ఉంటుంది. పుడెండల్ నరం నొప్పిలో సరిగ్గా ఈ తేడా కనిపిస్తుంది. 2006లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో నిపుణులు కూర్చుని ఈ జబ్బును గుర్తించడానికి ఐదు లక్షణాలు ఖరారు చేశారు. అవి 2008లో అచ్చయ్యాయి. నొప్పి ఈ నరం పరిధిలోనే ఉండాలి. కూర్చుంటే ఎక్కువ కావాలి. రాత్రి నిద్రలోంచి లేపకూడదు. పరీక్షలో చర్మం స్పర్శ పోయి ఉండకూడదు. ఐదోది, పుడెండల్ నరానికి బ్లాక్ ఇస్తే నొప్పి తగ్గాలి. మొదటి మూడూ మీ మాటల్లోనే ఉన్నాయి. నాలుగోది డాక్టరు దూదితో, సూదిమొనతో రెండు వైపులా తాకి చూసి చెప్పాలి. అది జరగకపోతే ముందు అది జరగాలి. ఐదోదే ఈ ఇంజెక్షన్. ఇంత బరువు దాని మీద ఉంది కాబట్టే అది ఎలా చేస్తారన్నది మీకు ముఖ్యం.

చేత్తో చూసి బ్లాక్ ఇవ్వడం తప్పుడు వైద్యం కాదు, ఆ డాక్టరు గారిని అనుమానించకండి. ప్రసవాల్లో, మలద్వారం ఆపరేషన్లలో ఈ నరానికి దశాబ్దాలుగా చేత్తోనే బ్లాక్ ఇస్తున్నారు. పాదం ఆపరేషన్‌కు చీలమండ దగ్గర, తలనొప్పికి తల వెనక, వేలి ఆపరేషన్‌కు వేలి మొదట్లో చేత్తో ఇచ్చే బ్లాకులు చక్కగా పనిచేస్తాయి. ఆ నరాలు చర్మానికి దగ్గర్లో ఉంటాయి, ఎముక గుర్తులు వేలికి తగులుతాయి. పైగా అక్కడ కావాల్సింది మొద్దుబారడం ఒక్కటే. మందు కాస్త అటూ ఇటూ పాకినా పని జరిగిపోతుంది, మొద్దుబారకపోతే అక్కడికక్కడే తెలిసిపోయి ఇంకాస్త మందు ఇస్తారు.

మగవారిలో పుడెండల్ నరానికి చేత్తో ఇచ్చే పద్ధతి వేరు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తిస్తారు. డాక్టరు ఒక వేలు మలద్వారంలో పెట్టి లోపలి నుంచి ఇస్కియల్ స్పైన్‌ను తడుముతారు. మలద్వారానికీ కూర్చునే ఎముకకూ మధ్య చర్మంలోంచి పొడవాటి సూదిని ఆ వేలి వైపు నడిపిస్తారు. చర్మం నుంచి గమ్యానికి అయిదారు సెంటీమీటర్ల పైనే ఉంటుంది, ఒళ్లున్నవారిలో ఇంకా ఎక్కువ. ఆ దారిలో సూది కొన అర సెంటీమీటరు పక్కకు పోయినా వేలికి తెలియదు. నరం పక్కనే అంతర్గత పుడెండల్ ధమని, సిర ఉంటాయి. కాస్త బయటి వైపు కాలికి వెళ్లే సయాటిక్ నరం, వేలికి ఇటు పక్క పేగు గోడ. వేలు పేగులో ఉండగా సూది పేగు గోడను దాటిపోతే పేగులోని సూక్ష్మక్రిములు ఆ లోతుకు చేరి చీము పట్టే ప్రమాదముంది. అరుదే, కానీ పడితే పెద్ద ఆపరేషన్ అవుతుంది.

గురి ఎంత తప్పుతుందో చెప్పడానికి ఒక పాత లెక్కుంది. 1960ల్లో బ్రిటన్‌లో ప్రసవ సమయంలో ఇచ్చిన బ్లాకులను పరిశీలిస్తే, యోని మార్గంలో ఇచ్చినప్పుడు రెండు వైపులా పూర్తిగా పట్టింది సుమారు సగం మందికే. పెరినియం చర్మంలోంచి ఇచ్చినప్పుడు సుమారు నాలుగో వంతు మందికే. మీకు ఒక వైపే కాబట్టి అంకె కొంత మెరుగ్గానే ఉంటుంది, చేయి తిరిగిన డాక్టరైతే ఇంకా మెరుగు. అయినా మీకు వర్తించే మార్గం ఆ రెండోదే.

గురి తప్పుతుందన్న అనుమానంతో చాలామంది 10 మి.లీ. దాకా మందు పోస్తారు. ఎక్కువ పోస్తే ఎలాగో నరానికి తగులుతుందని. ఆపరేషన్‌కు అది సరే. పరీక్షకు మాత్రం చేటు. అంత మందు పిరుదు లోపలి ఆబ్చురేటర్ ఇంటర్నస్ కండరానికి, తొడ వెనక చర్మానికి వెళ్లే నరానికి, సయాటిక్‌కు కూడా పాకుతుంది. అప్పుడు నొప్పి తగ్గిందంటే ఎవరి వల్ల తగ్గినట్టు? యంత్రంలో చూస్తూ చేసేటప్పుడు 3 నుంచి 5 మి.లీ. చాలు.

ఇక జవాబును ఎలా చదవాలో చెప్తాం. మీరు ఎక్కడ చేయించుకున్నా ఇది మీతోనే ఉండాలి, ఎందుకంటే హడావుడిగా ఉండే ఓపీలో దీన్ని వివరించే తీరిక దొరకదు.

ఇంజెక్షన్ అయిన 15, 20 నిమిషాలకు రెండు విషయాలు విడివిడిగా చూడాలి. ఎడమవైపు పెరినియం, మలద్వారం అంచు, వృషణాల సంచి వెనక భాగం మొద్దుబారాయా లేదా అన్నది ఒకటి. కూర్చుంటే నొప్పి ఉందా లేదా అన్నది రెండోది. మొద్దుబారింది, నొప్పీ పోయింది అంటే నొప్పి ఈ నరం దారిలో వస్తోంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మలద్వారంలో పగులున్నా ఈ బ్లాక్‌తో నొప్పి పోతుంది, ఆ చర్మానికీ ఇదే నరం కాబట్టి. అందుకే బ్లాక్ ఒక్కదాన్నే పట్టుకుని నరం నొక్కుకుపోయిందని తేల్చకూడదు, మిగతా నాలుగు లక్షణాలూ కలవాలి. మొద్దుబారింది కానీ నొప్పి అలాగే ఉంది అంటే నొప్పి ఈ నరానిది కాకపోవచ్చు, లేదా బ్లాక్ ఇచ్చిన చోటుకన్నా పైన, త్రికం దగ్గర నరమూలంలో కారణం ఉండొచ్చు. మొద్దుబారలేదు కానీ నొప్పి పోయింది అంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి, ఆశ వల్లా తగ్గుతుంది, కండరంలోకి మందు వెళ్లినా తగ్గుతుంది.

చివరిది మొద్దుబారకపోవడం, నొప్పీ పోకపోవడం. మందు నరానికి తగల్లేదు, అంతే. ఈ పరీక్ష జరగనట్టే లెక్క. చేత్తో చేసినప్పుడు ఎదురయ్యే పెద్ద ఇబ్బంది ఇదే. స్పర్శ చూడకుండా ఇంటికి పంపేసి, వారం తర్వాత “తగ్గలేదా, అయితే ఇది ఆ నరం కాదు” అని ఫైలులో రాసేస్తారు. ఆ ఒక్క వాక్యం ఆ తర్వాత మిమ్మల్ని చూసే ప్రతి డాక్టరునూ తప్పుదారి పట్టిస్తుంది. అసలు కారణం చేతికందే దూరంలో ఉండగా మళ్లీ ప్రొస్టేట్ దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. మేము మిమ్మల్ని గట్టిగా వద్దంటున్నది ఈ భయంతోనే.

పరీక్ష సరిగ్గా రావాలంటే మీ వైపు నుంచి కూడా కొన్ని జాగ్రత్తలు కావాలి. ఆ రోజు నొప్పి ఉండాలి. లేని నొప్పి పోయిందో లేదో ఎవరు చెప్పగలరు? రోజూ వేసుకునే బీపీ మాత్ర వేసుకోండి. అప్పుడప్పుడు వేసుకునే నొప్పి మాత్ర మాత్రం ఆ ఉదయం వద్దు. ఆసుపత్రిలో గట్టి కుర్చీలో కూర్చుని నొప్పిని పదికి ఆరు దాకా రానివ్వండి, ఆ అంకె కాగితం మీద రాయండి. మగతకు ఇంజెక్షన్ ఇస్తామంటే వద్దని చెప్పండి, మగతలో ఏ నొప్పి అయినా తగ్గినట్టే ఉంటుంది. ఇచ్చాక 15 నిమిషాలకు, అరగంటకు, గంటకు, తర్వాత 2, 4, 6, 8 గంటలకు, మర్నాడు పొద్దున, ప్రతిసారీ మీకు నొప్పి మొదలయ్యే పావుగంట దాకా కూర్చుని అంకె వేయండి. మత్తుమందు లిగ్నోకైన్ అయితే ఒకటి రెండు గంటలు, బుపివకైన్ అయితే అంతకన్నా చాలాసేపు పనిచేస్తుంది. ఏ మందు, ఎంత శాతం, ఎన్ని మి.లీ. అన్నది డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. నొప్పి తగ్గిన సమయం మందు పనిచేసే సమయంతో సరిపోతే జవాబుకు బలం వస్తుంది. సాయంత్రానికి నొప్పి తిరిగొస్తే దిగులు పడకండి. పరీక్ష ఫెయిలయినట్టు కాదు, నాలుగు గంటలు పోయి తిరిగొచ్చిందంటే జవాబు స్పష్టంగా వచ్చినట్టే.

రెండు వైపులా నొప్పి ఉన్న పాఠకులకు ఒక మాట: పరీక్ష కోసమైతే ఒకే రోజు రెండు వైపులా చేయించుకోకండి. మల, మూత్రాలపై పట్టు కొన్ని గంటలు సడలుతుంది, ఏ వైపు ఏం చెప్పిందో కూడా తేలదు.

స్టెరాయిడ్ సంగతి. పుడెండల్ నరం నొప్పికి మత్తుమందు ఒక్కటే ఇచ్చిన వారినీ, స్టెరాయిడ్ కలిపి ఇచ్చిన వారినీ పోల్చిన ఫ్రెంచి పరిశోధన 2017లో వచ్చింది. సుమారు 200 మంది మీద చేశారు. మూడు నెలలకు చూస్తే స్టెరాయిడ్ వల్ల అదనపు లాభం కనబడలేదు. అందుకని మొదటి ఇంజెక్షన్‌లో స్టెరాయిడ్ లేకుండా అడగండి. వారానికొకటి చొప్పున మూడు అని ముందే లెక్క కట్టడం అసలే అర్థం లేనిది. మొదటిదాని జవాబు చూశాకే రెండోది కావాలో వద్దో తెలుస్తుంది. షుగరున్న వారికైతే స్టెరాయిడ్ పడ్డాక కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది కూడా.

ఇప్పుడు యంత్రం ఏది, ఎక్కడ అన్నది. సీటీ, అల్ట్రాసౌండ్, సి-ఆర్మ్ అని మూడు దారులున్నాయి. సీటీలో లిగమెంట్ల మధ్య చోటూ ఆల్కాక్ కాలువా రెండూ కనిపిస్తాయి, సూది కొన ఎక్కడుందో మిల్లీమీటర్లలో తెలుస్తుంది. రేడియేషన్ ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు, డాప్లర్ (రక్తం పారడాన్ని చూపే పద్ధతి) పెడితే ధమని కొట్టుకోవడం కనిపిస్తుంది, మందు పాకడం కళ్లముందే చూడొచ్చు. ఒళ్లు ఎక్కువగా ఉంటే మాత్రం ఆ లోతులో బొమ్మ మసకబారుతుంది. సి-ఆర్మ్ అంటే ఎముకల ఆపరేషన్ థియేటర్లో ఉండే కదిలే ఎక్స్‌రే. నరం కనబడదు కానీ ఇస్కియల్ స్పైన్ స్పష్టంగా కనిపిస్తుంది. బోర్లా పడుకోబెట్టి, యంత్రాన్ని కాస్త ఏటవాలుగా తిప్పి, పిరుదు మీదుగా సూదిని ఆ కొసకు చేర్చి, అర మి.లీ. నుంచి ఒక మి.లీ. రంగుమందు వేసి అది రక్తనాళంలోకి పారిపోవట్లేదని చూసి, అప్పుడు మత్తుమందు ఇస్తారు. సూది పేగు దరిదాపుల్లోకి రాదు. అల్ట్రాసౌండ్‌నూ సి-ఆర్మ్‌నూ పోల్చి కెనడాలో చేసిన పరిశోధన 2012లో వచ్చింది. నరం మొద్దుబారడంలో రెండూ సమానంగానే పనిచేశాయి, అల్ట్రాసౌండ్‌కు సమయం ఎక్కువ పట్టింది.

ఈ చివరి ముక్క మీకు చాలా పనికొస్తుంది. చిన్న ఊళ్లలో మత్తు డాక్టర్ల దగ్గర అల్ట్రాసౌండ్ లేకపోవడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ప్రతి యంత్రాన్నీ, అది ఉండే చోటునూ రిజిస్టర్ చేయాలి, ఇష్టమొచ్చినట్టు వేరే ఆసుపత్రికి మోసుకెళ్లడానికి వీల్లేదు. ఆ చట్టం మనకు అవసరమే, దాని వల్ల నొప్పి వైద్యానికి ఈ ఇబ్బందీ వచ్చింది. సి-ఆర్మ్‌కు ఆ చిక్కు లేదు. తుంటి, తొడ ఎముకలకు ఆపరేషన్లు చేసే ఆసుపత్రుల్లో అది ఉంటుంది, గుంటూరులో అలాంటివి చాలా ఉన్నాయి. కాబట్టి హైదరాబాద్ టికెట్ కొనే ముందు మీ డాక్టరు గారినే గౌరవంగా అడగండి: “సార్, ఇదే ఇంజెక్షన్ సి-ఆర్మ్ ఉన్న థియేటర్‌లో, రంగుమందు వేసి చూసి చేయడానికి వీలవుతుందా?” తెలిసిన ఆర్థోపెడిక్ ఆసుపత్రిలో ఒక గంట థియేటర్ దొరికితే మీ సమస్య మీ ఊళ్లోనే తీరిపోవచ్చు. మంగళగిరి ఎయిమ్స్ మీకు పక్కనే. అక్కడి అనస్థీషియా విభాగంలో ఈ బ్లాక్ చేస్తారేమో కనుక్కోండి. హైదరాబాద్ వెళ్లక తప్పకపోతే ప్రైవేటుతో పాటు నిమ్స్‌లో కూడా అడగండి. అడగాల్సిన మాట “పెయిన్ బ్లాకులు చేస్తారా” అని కాదు, “పుడెండల్ నరానికి చేస్తారా, నెలకు ఎన్ని చేస్తారు” అని. నడుము ఇంజెక్షన్లు వందలు చేసిన చోట కూడా ఇది ఒక్కటీ చేసి ఉండకపోవచ్చు.

ఏ యంత్రమూ దొరక్కపోతే మధ్యే మార్గంగా నెర్వ్ స్టిమ్యులేటర్ ఉంది. అరచేతిలో పట్టే పెట్టె, ప్రత్యేకమైన సూది. చాలా ఆసుపత్రుల్లో మత్తు డాక్టర్ల దగ్గర ఉంటుంది. సూది కొన నుంచి సన్నని కరెంటు పంపుతారు. ఒకటి, ఒకటిన్నర మిల్లీ ఆంపియర్లతో మొదలుపెడితే, సూది నరం దగ్గరికి రాగానే మలద్వారం కండరం టిక్కు టిక్కుమని ముడుచుకుంటుంది. కరెంటును 0.5 మిల్లీ ఆంపియర్ దాకా తగ్గించినా ఆ ముడుచుకోవడం ఉంటే సూది సరైన చోట ఉన్నట్టు. పాదం కదిలితే సయాటిక్ దగ్గరికి వెళ్లినట్టు, వెనక్కి లాగాలి. 0.2 కంటే తక్కువలోనూ ముడుచుకుంటుంటే సూది నరంలోనే దిగి ఉండొచ్చు, అప్పుడూ కాస్త వెనక్కి తీయాలి. దీన్ని యంత్రంలో చూడటంతో సమానం అనలేం కానీ ఉత్త వేలి కంటే చాలా నయం.

ప్రమాదాల గురించి అడిగారు. మత్తుమందు రక్తనాళంలోకి వెళ్లడం అన్నిటికంటే భయపడాల్సింది. నోటి చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, ఆ తర్వాత ఫిట్స్, గుండె లయ తప్పడం. చిన్న మోతాదులో అరుదు. కానీ ఎవరు చేసినా, ఎక్కడ చేసినా చేతికి కాన్యులా పెట్టి ఉండాలి, బీపీ, ఆక్సిజన్ మానిటర్ ఉండాలి, 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (రక్తంలో చేరిన మత్తుమందుకు విరుగుడుగా ఎక్కించే కొవ్వు ద్రావణం) గదిలోనే సిద్ధంగా ఉండాలి. 70 కిలోల మనిషికి మొదటి మోతాదే 100 మి.లీ. దాకా కావాలి, అప్పటికప్పుడు మందుల షాపుకు పరిగెడితే అందేది కాదు. ఓపీ గదిలో బల్ల మీద పడుకోబెట్టి ఇస్తామంటే ఒప్పుకోకండి. అయ్యాక కనీసం అరగంట మానిటర్ మీదే ఉంచి చూడాలి. మందు సయాటిక్‌కు పాకితే ఆ కాలు కొన్ని గంటలు పట్టు తప్పుతుంది, భయం లేదు కానీ ఒంటరిగా నడవకూడదు. రెండు మూడు రోజులు నొప్పి కొంచెం పెరగడం మామూలే. మూత్రం రాకపోయినా, జ్వరం వచ్చినా, ఆ చోట వాపూ నొప్పీ గంటగంటకూ పెరుగుతున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మీరు బీపీ మాత్ర ఒక్కటే రాశారు కానీ, స్టెంట్ వేయించుకుని రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ లాంటివి వాడే పాఠకులు ఇంజెక్షన్‌కు ముందే ఆ సంగతి చెప్పాలి. ఎన్ని రోజులు ఆపాలో, అసలు ఆపొచ్చో లేదో గుండె డాక్టరే చెప్పాలి. మీ అంతట మీరు ఆపకండి.

ఒక్క విషయంలో మాత్రం ఎంత నచ్చజెప్పినా ఒప్పుకోవద్దు. బ్లాక్ పనిచేసింది కదా అని ఆల్కహాల్‌తో గానీ ఫినాల్‌తో గానీ నరాన్ని శాశ్వతంగా చంపేస్తామంటే వద్దనండి. ఆపుకునే కండరాలు ఈ నరం చేతిలో ఉన్నాయని పైన చెప్పాం. నరానికి ఆగి ఆగి కరెంటు పంపే పల్స్‌డ్ రేడియో ఫ్రీక్వెన్సీ అనేది వేరు, అది 42 డిగ్రీలు దాటదు, నరాన్ని కాల్చదు. రెండిటినీ కలిపి నరం కాల్చడం అనేస్తుంటారు కాబట్టి ఏది చేస్తారో పేరు రాసిమ్మనండి.

ఈ పరీక్ష ఈ నెలలోనే జరిగి తీరాలన్న తొందరేమీ లేదు. ఆ వ్యవధిలో చేయాల్సినవి ఉన్నాయి, కొందరికి వాటితోనే బ్లాక్ అవసరం లేనంత తగ్గుతుంది. మధ్యలో ఖాళీ ఉన్న దిండు వేసుకోండి, గుండ్రటి టైరు లాంటిది కాదు, ముందు వైపు తెరిచి ఉన్న యు ఆకారం. అరగంటకోసారి లేచి నిలబడండి. టూ వీలర్, సైకిల్ ఆపేయండి. మలబద్ధకం ఉంటే ఇసబ్‌గోల్‌తో సరిచేసుకోండి, ముక్కడం ఈ నరాన్ని సాగదీస్తుంది. యూట్యూబులో చూసి కెగెల్ వ్యాయామాలు చేస్తుంటే మానేయండి. మీకు కావాల్సింది కటి అడుగు కండరాలను బిగించడం కాదు, వదులు చేయడం. ఆ పని తెలిసిన పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టు మన దగ్గర కొద్దిమందే. చాలావరకు ఆడవారికే చూస్తారు, మగవారిని చూస్తారా అని ఫోన్‌లోనే అడగండి. అమిట్రిప్టిలిన్, ప్రెగాబలిన్ లాంటి నరాల నొప్పి మాత్రలు ఇంతవరకు వాడలేదంటే డాక్టరుతో మాట్లాడండి. యాంటీబయాటిక్స్ మాత్రం మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్ కనబడితే తప్ప మళ్లీ వద్దు.

ఈలోగా నొప్పి నిద్రలోంచి లేపడం మొదలుపెట్టినా, చర్మం ఎప్పుడూ మొద్దుబారి ఉంటున్నా బ్లాక్ ఆలోచన పక్కనపెట్టి ముందు మళ్లీ పరీక్ష చేయించుకోండి. మూత్రం ఆగిపోవడం, మలం తెలియకుండా పోవడం, రెండు తొడల మధ్య ఒక్కసారిగా స్పర్శ పోవడం ఉంటే అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి, అది వెన్నులో నరాలు నొక్కుకుపోయిన లక్షణం.

హైదరాబాద్ వెళ్లేట్టయితే బస్సులో అయిదారు గంటలు కూర్చుని వెళ్లకండి, ఆ మంట రెండు రోజులు పట్టుకుని పరీక్షను పాడుచేస్తుంది. రాత్రి రైల్లో బెర్త్ మీద పడుకుని వెళ్లండి. తోడు ఒకరు ఉండాలి. ఇంజెక్షన్ అయిన రాత్రి అక్కడే ఆగి, మర్నాటి అంకె కూడా రాసుకుని, కాలు పట్టు తిరిగొచ్చిందని చూసుకున్నాకే బయలుదేరండి. ఆ అంకెల కాగితం ఫొటో తీసి పెట్టుకోండి, అసలు కాగితం ఫైలులో ఎం.ఆర్.ఐ. రిపోర్టు పైన పెట్టండి.